‘కమిలింది’ అనే మాటకు చోటెక్కడ? సంరక్షణ కార్మికుల చర్మరక్షణ శిక్షణలో తెలుగు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మంచం పట్టిన వృద్ధులకు, పక్షవాత రోగులకు సేవచేసే సంరక్షణ కార్మికుల శిక్షణలో చర్మరక్షణ, పుండ్ల నివారణ ముఖ్యమైన పాఠం. ఇది తెలుగులోకి ఎక్కువగా ఇంగ్లీషు నుంచి అనువాదంగానే వస్తోంది. ఆ అనువాద భాష చర్మంలోని తొలి మార్పును గుర్తించడానికి ఎంతవరకు తోడ్పడుతోంది, దానిని గుర్తించిన మనిషికి ఏ స్థానం ఇస్తోంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘ఎర్రబారడం’, ‘కమలడం’, ‘లాగడం’ వంటి క్రియల అర్థచ్ఛాయలు, ‘పుండు’, ‘గాయం’ అనే నామాల మధ్య భేదం ఇందులో ప్రధాన చర్చాంశాలు.

కీలకపదాలు: సంరక్షణ కార్మికులు, చర్మరక్షణ, పడక పుండ్లు, వృత్తి పదజాలం, అనువాదం, పరిభాష.

1. ఉపోద్ఘాతం

పక్షవాతంతో మంచంలో ఉన్న మనిషి ఒంటిని రోజూ అందరికంటే ఎక్కువసార్లు చూసేది వైద్యుడు కాదు, నర్సు కూడా కాదు. ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, పక్క సవరించే సంరక్షకురాలు. ఆసుపత్రిలో ఆమె ‘ఆయా’. పోర్చుగీసు నుంచి మన భాషల్లోకి వచ్చి స్థిరపడిన మాట ఇది. ఏజెన్సీల ప్రకటనల్లో ఆమె ‘కేర్‌టేకర్’. ఇంట్లోవాళ్లు “నాన్నగారికి మనిషిని పెట్టాం” అంటారు. అక్కడ ఆమె వట్టి ‘మనిషి’. ప్రభుత్వ నైపుణ్య శిక్షణలో ‘జనరల్ డ్యూటీ అసిస్టెంట్’, ‘హోమ్ హెల్త్ ఎయిడ్’ అనే అర్హతల కింద ఆమె పేరు నమోదవుతుంది. ఇన్ని పిలుపులున్న ఈ పనికి తెలుగులో స్థిరపడిన వృత్తినామం మాత్రం లేదు. ఈ వ్యాసంలో ‘సంరక్షకురాలు’ అనే మాట వాడుతున్నాను. పురుషులూ ఈ పనిలో ఉన్నారు. అయితే ఇళ్లలో రాత్రింబవళ్లు ఉండి ఈ పని చేసేవారిలో స్త్రీలే ఎక్కువ.

శిక్షణ పాఠం కూడా ఒక వచన రచనే. అందులో కర్త ఉంటాడు, కర్త లోపించిన వాక్యాలుంటాయి, ఊహించుకున్న పాఠకుడు ఉంటాడు, ఎంపిక చేసిన మాటలూ విడిచిపెట్టిన మాటలూ ఉంటాయి. అందువల్ల విమర్శకుడు కథను చదివినంత శ్రద్ధగా దానిని చదవవచ్చు. ఏ ఒక్క పుస్తకాన్నో సంస్థనో తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. అంతర్జాతీయ మార్గదర్శకాల నుంచి తెలుగు తరగతి గది వరకు ప్రయాణించే పాఠంలో పదేపదే ఎదురయ్యే మాటలు, వాటి వెనుక ఉన్న ఊహలు ఇక్కడి పరిశీలనకు సామగ్రి. ఈ మాటలు సరిగా లేకపోతే నష్టపోయేది భాష ఒక్కటే కాదు. చర్మం పగలకముందు గుర్తిస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టడంతో, మెత్త సర్దడంతో తగ్గిపోయే బాధ, ఆలస్యమైతే ఎముక కనిపించే పుండుగా మారుతుంది. దాని వెనుక ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ప్రాణమూ పోవచ్చు.

2. పుండు, గాయం: పేరులోని నింద

ఆసుపత్రుల్లోనూ ఇళ్లలోనూ ఎక్కువగా వినిపించేది ‘బెడ్ సోర్’. దానికి తెలుగులో ‘పడక పుండు’, ‘ఒత్తిడి పుండు’ అని రెండు అనువాదాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది నేరాన్ని పడక మీదికి నెడుతుంది. చక్రాల కుర్చీలో రోజంతా కూర్చునే మనిషికీ, ఆక్సిజన్ గొట్టం చెవి వెనుక ఒరుసుకొనే మనిషికీ పడక లేకుండానే ఈ పుండు పడుతుంది. ఆ సంగతి ఈ పేరులో లేదు.

రెండో అనువాదంలో శాస్త్రం ఉంది, కాని నేటి వాడుక దానికి అడ్డుపడుతోంది. ‘ఒత్తిడి’ అనగానే ఈనాటి తెలుగు పాఠకుడికి తోచేది మానసిక ఒత్తిడి: పని ఒత్తిడి, పరీక్షల ఒత్తిడి. పదో తరగతి చదివి శిక్షణకు వచ్చిన యువతి ‘ఒత్తిడి పుండు’ అన్న మాట తొలిసారి విన్నప్పుడు దానిని మనసుకు సంబంధించిన జబ్బుగా అర్థం చేసుకోవడంలో వింత లేదు. అయితే అదే ధాతువు నుంచి వచ్చిన మరో రూపం ఆమె నోట రోజూ ఉంటుంది. “కొత్త చెప్పు ఒత్తుకొని పుండైంది” అనని తెలుగువారు ఉండరు. ‘ఒత్తుకోవడం’ అనే ఆ క్రియలో కారణం ఉంది (గట్టి వస్తువు), చోటు ఉంది (ఎముక పైకి తేలిన భాగం), కాలం ఉంది (చాలాసేపు నడవడం), నివారణ కూడా ఉంది (చెప్పు విప్పడం). నామవాచకాన్ని అనువదించే తొందరలో క్రియను వదిలేశాం. ‘ఒత్తుడు పుండు’ అంటే వినడానికి మోటుగా ఉండవచ్చు. పాఠం మాత్రం సగం పూర్తవుతుంది.

ఇంగ్లీషులోనూ ఈ పేరుపై వివాదం నడిచింది. అమెరికాలోని నేషనల్ ప్రెషర్ అల్సర్ అడ్వైజరీ ప్యానెల్ 2016లో ‘అల్సర్’ స్థానంలో ‘ఇంజురీ’ అనే మాటను స్వీకరించింది. 2019లో తన పేరునూ అలాగే మార్చుకుంది. చర్మం పగలని తొలి దశను కూడా పుండు అనడం అసంగతమన్నది వారి వాదన. యూరప్ సంస్థ మాత్రం పాత పేరునే ఉంచుకుంది. తెలుగులో ఈ మార్పును అనుసరించి ‘ఒత్తిడి గాయం’ అని రాస్తే అర్థం ఎటు జరుగుతుందో ఆలోచించాలి. తెలుగులో పుండు ‘పడుతుంది’, ‘అవుతుంది’, ‘లేస్తుంది’. దానికి చేసినవాడు అక్కరలేదు. గాయం ‘తగులుతుంది’, ‘చేస్తారు’, వినగానే “ఎవరు చేశారు?” అన్న ప్రశ్న వెంటవస్తుంది. ఒక మాట విధిని సూచిస్తే మరొకటి నేరాన్ని సూచిస్తుంది.

ఈ ద్వంద్వం మన భాషకే పరిమితం కాదు, వైద్యచరిత్రలోనే ఉంది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ పుండ్లు నాడీమండలం దెబ్బతిన్నందువల్ల తప్పనిసరిగా వస్తాయని, మరణసూచకమని భావించాడు. ఆయన కంటే ముందే బ్రౌన్ సెకార్, చచ్చుబడిన శరీరభాగంపై ఒత్తిడి లేకుండా, తడి లేకుండా చూస్తే పుండు రాదని జంతువులపై ప్రయోగాలతో చూపాడు. 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ ఈ పుండును రోగం ఖాతాలో కాక సేవ ఖాతాలో వేసింది. నివారణ సాధ్యమన్న వాదమే చివరకు నిలిచింది, అది మేలే. అయితే ఆ వాదానికి ఒక నీడ ఉంది: నివారించగలిగినది వచ్చిందంటే ఎవరో ఒకరు నివారించలేదన్నమాట. ఆ ‘ఎవరో ఒకరు’ తెలుగు ఇళ్లలో దాదాపు ఎప్పుడూ నెలజీతం మీద ఉన్న సంరక్షకురాలే అవుతుంది.

3. ఎర్రబారని చర్మం

శిక్షణ పాఠాల్లో పునాది వాక్యం ఇది: ఎముక పైకి తేలిన చోట చర్మం ఎర్రబారిందేమో చూడాలి, వేలితో నొక్కి తీస్తే తెల్లబడి మళ్లీ ఎర్రబడకుండా అలాగే ఎర్రగా ఉంటే అది మొదటి దశ. బొమ్మలో గులాబీ రంగు చర్మం, దానిపై ఎర్రటి వలయం ఉంటాయి. అనువాదంగా ఈ వాక్యానికి వంక పెట్టలేం. చిక్కంతా ఆ చర్మం ఎవరిదన్న దగ్గర ఉంది.

చామనఛాయ, నల్లని చర్మంలో ఆ ఎరుపు తేలికగా కనబడదు. నొక్కినప్పుడు తెల్లబడటమూ కనిపించకపోవచ్చు. 2016 నాటి అమెరికా నిర్వచనంలోనే ముదురు రంగు చర్మంలో ఈ గుర్తు వేరుగా కనిపించవచ్చన్న హెచ్చరిక ఉంది. అది నిర్వచనంలో ఒక ఉపవాక్యంగా ఉంది. మన తరగతి గదికి చేరేసరికి ఆ ఉపవాక్యం చాలాసార్లు రాలిపోతుంది. ఎవరికి మినహాయింపుగా రాశారో ఆ చర్మమే ఇక్కడ సర్వసాధారణం. మినహాయింపు ప్రధాన వాక్యం కావలసిన చోట ప్రధాన వాక్యాన్ని ఉంచి మినహాయింపును తీసేశాం. అమెరికా నర్సింగ్ హోమ్‌లలో నల్లజాతీయుల్లో తొలి దశ తక్కువగా నమోదై, పుండు ముదిరిన తర్వాతి దశలు ఎక్కువగా నమోదవుతున్నాయని అక్కడి పరిశోధకులు గుర్తించారు. చర్మం అక్కడ ముందుగా దెబ్బతినలేదని దీని అర్థం కాదు. చూసేవారికి నేర్పిన రంగు అక్కడ లేదని అర్థం.

కాబట్టి తెలుగు పాఠంలో చూపుతో పాటు స్పర్శ కూడా ఉండాలి. చేతి వెనుకభాగంతో తాకి, చుట్టూ ఉన్న చర్మంతోనూ, శరీరంలో ఎదుటి వైపు అదే భాగంతోనూ పోల్చాలి. వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, గట్టిపడిందా, గుజ్జుగా ఉందా, ఉబ్బిందా, ముట్టుకుంటే రోగి ముఖం చిట్లిస్తున్నాడా. రంగు విషయంలో ఎరుపుకు బదులు ‘మిగతా చర్మం కంటే వేరుగా ఉందా’ అని అడగాలి: ముదురుగా, ఊదాగా, నీలంగా, బూడిదరంగుగా. వెలుతురు కూడా పాఠంలో భాగమే. జీరో బల్బు వెలుగులో రాత్రి చూసిన చర్మం చూడనట్టే.

4. కందడం, కమలడం

ఇక్కడ తెలుగు తన దగ్గరున్న సొమ్మును తాను మరచిపోయినట్టుంది. చర్మంలో వచ్చే తొలి మార్పుకు మనకు కనీసం రెండు సహజ క్రియలున్నాయి: కందడం, కమలడం. రెండింటినీ నిఘంటువుల్లో దగ్గర దగ్గరగా చూపవచ్చు కాని వాడుకలో తేడా స్పష్టం. ఎండకు ముఖం కందుతుంది. పసిపాప బుగ్గ ముట్టుకుంటే కందిపోతుంది. ‘కందడం’లో ఎరుపు ఉంది, సౌకుమార్యం ఉంది, పచ్చని మేనిఛాయ ఉంది. కావ్యనాయికలకు తగిన క్రియ అది. ‘ఎర్రబారడం’ దానికి శాస్త్రవేషం.

‘కమలడం’ వేరు. దెబ్బ తగిలిన చోట ఒళ్లు కమిలిపోతుంది. బుట్టలో అడుగున పడిన పండు కమిలిపోతుంది. రంగు ముదురుతుంది, నల్లబడుతుంది. ఏ చర్మానికైనా ఆ మాట వర్తిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది లోపల జరిగేది. కమిలిన సపోటాపండుకు పైతొక్క చెక్కుచెదరదు. వేలితో తాకితే లోపల మెత్తగా, గుజ్జుగా తగులుతుంది. కోసి చూస్తే తొక్క మీద కనిపించిన మచ్చ కంటే లోపలి నష్టం పెద్దది. ఒత్తిడి వల్ల మానవశరీరంలో జరిగేదీ సరిగ్గా ఇదే. ఎముకకు, పరుపుకు మధ్య నలిగే కండ చర్మం కంటే ముందుగా దెబ్బతింటుంది. పైచర్మం చాలాసేపు నిలదొక్కుకుంటుంది. వైద్యపరిభాషలో లోతు కణజాల గాయంగా పిలిచే ఈ స్థితిని వివరించడానికి బొమ్మలు, నమూనాలు, పొడుగాటి సమాసాలు అవసరమవుతున్నాయి. పండ్ల బండి ఎరిగిన మనిషికి ‘కమిలింది’ అన్న ఒక్క మాట చాలు.

ఆ ఉపమానంలో కాలం కూడా ఇమిడి ఉంది. అరటిపండును నొక్కిన క్షణంలో నల్లబడదు, తర్వాత నల్లబడుతుంది. లోతు కణజాల గాయం కూడా ఒత్తిడి పడిన 48 నుంచి 72 గంటల తర్వాత పైకి కనిపించడం సాధారణం. ఈ ఒక్క సంగతి సంరక్షకురాలి బతుకులో ఎంత తేడా తెస్తుందో ఊహించవచ్చు. తుంటి ఆపరేషన్ కోసం గంటల తరబడి బల్లమీద, తర్వాత స్ట్రెచర్ మీద పడుకున్న వృద్ధురాలు ఆదివారం ఇంటికి వచ్చింది. సోమవారం ఉదయం కొత్త సంరక్షకురాలు పనిలో చేరింది. మంగళవారం నడుము కింద ఊదారంగు మచ్చ తేలింది. ఇంట్లోవాళ్లు అడిగేది “నువ్వొచ్చాకే కదా వచ్చింది?” అని. ఈ కాలవ్యవధి తెలియని శిక్షణార్థికి సమాధానం ఉండదు. తెలిసినామె చేరిన మొదటి గంటలోనే తల వెనుక నుంచి మడమ దాకా చూసి, కనిపించినది రాసి, ఇంట్లోవారిచేత చూపించుకొని ఉంటుంది. శిక్షణ ఆమె చేతికి ఇవ్వగల రక్షణ అది. రోగికీ ఆ నమోదే మేలు చేస్తుంది.

ఒక అభ్యంతరం రావచ్చు: ‘కమలడం’ దెబ్బకూ వాడతాం కనుక సంరక్షకురాలు కొట్టిందన్న అనుమానానికి దారితీయదా? ఆ ప్రమాదం ఉంది. ‘ఒత్తుకొని కమిలింది’ అని కారణాన్ని క్రియకు జతచేస్తే అది చాలావరకు తొలగుతుంది. పూర్తిగా నిర్దోషమైన మాట ఏ భాషలోనూ దొరకదు.

5. లాగడం, ఎత్తడం, చెప్పకపోవడం

పాఠం ఒకటి చెబుతుంటే వార్డులో వాడుకభాష మరొకటి చెబుతుంది. తల వైపు మంచం ఎత్తి కూర్చోబెట్టిన రోగి కొద్దిసేపట్లో కాళ్లవైపు జారుతాడు. చర్మం దుప్పటికి అతుక్కొని ఉంటుంది. లోపల ఎముక కిందికి దిగుతుంది. మధ్యలోని కండ, రక్తనాళాలు సాగి నలుగుతాయి. దీనిని చెప్పడానికి భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలోని పారిభాషిక పదాన్ని తెచ్చి పెట్టడం చూస్తాం. ఆ పదాన్ని కంఠస్థం చేసిన శిక్షణార్థి వార్డులోకి వెళ్లగానే వినే మొదటి ఆజ్ఞ, “పేషెంటును కొంచెం పైకి లాగమ్మా” అని. ఏది చేయకూడదో ఆ పనే ఆ ఆజ్ఞలోని క్రియ. అంతవరకు చెప్పిన పాఠం ఆ ‘లాగు’ దగ్గర రద్దయిపోతుంది. పారిభాషిక పదం వదిలేసి, ‘ఈడ్చవద్దు, ఎత్తి జరపాలి’ అని నేర్పి, “పైకి లాగు” అనడం మానేసి “ఎత్తి జరుపుదాం” అనేలా నర్సులకూ ఇంటివారికీ అలవాటు చేస్తే ప్రయోజనం ఎక్కువ. ‘జరుపుదాం’లోని బహువచనం కూడా యాదృచ్ఛికం కాదు. నడుము కింద వేసిన దుప్పటిని చెరోవైపు పట్టి ఎత్తడానికి ఇద్దరు కావాలి.

అనువాద వాక్యాల్లో మరో దోషం కర్మణి ప్రయోగం. ‘చర్మం రోజూ పరిశీలించబడాలి’, ‘స్థితి మార్చబడాలి’ వంటి ‘బడు’ వాక్యాలు తెలుగుకు సహజం కావని వ్యాకర్తలు ఎన్నోసార్లు చెప్పారు. ఇక్కడ అది శైలీదోషంతో ఆగదు. ఎవరు పరిశీలించాలి? పగటి మనిషా, రాత్రి మనిషా, కోడలా, వారానికోసారి వచ్చే నర్సా? వాక్యంలో కర్త లేని పని ఇంట్లోనూ కర్త లేకుండానే మిగులుతుంది. పుండు పడిన తర్వాత మాత్రం కర్త వెంటనే దొరుకుతుంది.

మూడోది సభ్యత సమస్య. ఈ పుండ్లు ఎక్కువగా పడే చోట్లలో ముఖ్యమైనది నడుము దిగువన, ముడ్డిపూస ప్రాంతం. ఆ మాట పలకడానికి శిక్షకులు జంకుతారు. ‘వెనుక భాగం’ అనో ‘బ్యాక్’ అనో దాటవేస్తారు. తెలుగులో ‘వెనుక’ అంటే వీపు కావచ్చు, పిరుదులు కావచ్చు, తల వెనుక కావచ్చు. “వెనుక కొంచెం కమిలిందమ్మా” అని సంరక్షకురాలు చెబితే కూతురు వీపు చూసి “ఏమీ లేదే” అంటుంది. శరీరభాగాల పేర్లలో సంస్కృతం శాస్త్రీయంగా, తెలుగు అసభ్యంగా వినిపించేలా మనం పెంచుకున్న అలవాటుకు మూల్యం ఇక్కడ ఒక రోగి చెల్లిస్తున్నాడు. శరీరం బొమ్మ గీసి, చోటుకు చుక్క పెట్టించడం ఒక దారి. ఆ మాటను తరగతి గదిలో సంకోచం లేకుండా వాడటం అంతకంటే మంచి దారి.

ఆచారాల సంగతీ ఉంది. ఎముకపై కమిలిన చోట మర్దనా చేయరాదన్నది నేటి మార్గదర్శకాల మాట. నలిగిన కండను ఇంకా నలపడమే అవుతుంది. కాని మన ఇళ్లలో నూనె రాసి మర్దనా చేయడం ప్రేమకు గుర్తు. స్పిరిట్ రుద్ది పౌడరు చల్లడం శుభ్రతకు గుర్తు. ‘చేయరాదు’ అన్న ఒక్క మాటతో సంరక్షకురాలు అత్తగారి మీద ప్రేమ చూపాలనుకునే కోడలిని ఆపలేదు. ఎక్కడ నూనె మంచిదో (పొడిబారిన కాళ్లకు, చేతులకు, రుద్దకుండా పూయడం) ముందు చెప్పి, ఎక్కడ చేయి పెట్టకూడదో తర్వాత చెప్పే పాఠం కావాలి. అలాగే వృద్ధుల పలుచని చర్మం చిరగకుండా ఆభరణాలు తీసేయాలన్న నియమం. పెళ్లైన స్త్రీని గాజులు తీయమనడం తెలుగునాట మామూలు సూచన కాదు. గాజులు ముంజేతి పైకి నెట్టి పొడుగు చేతుల తొడుగు వేసుకోమనడం ఆమెను అవమానించకుండా రోగిని కాపాడుతుంది.

6. కొలతబద్దల అనువాదం

ప్రమాదస్థాయిని అంచనా వేసే కొలతబద్దల్లో డోరీన్ నార్టన్ 1962లో వృద్ధరోగుల కోసం రూపొందించినది తొలి తరానిది. ఇప్పుడు విస్తృతంగా వాడేది బార్బరా బ్రేడన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ 1987లో ప్రచురించినది. అందులో స్పర్శజ్ఞానం, తడి, కార్యశీలత, కదలిక, పోషణ, రాపిడి అనే 6 అంశాలు ఉంటాయి. మొత్తం 6 నుంచి 23 వరకు. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. సంరక్షకురాలికి దీనిని మొత్తంగా నేర్పాలా అన్నది చర్చనీయమే. అది నర్సు పని అనేవారి వాదనలో బలం ఉంది. అంశాలను మాత్రం నేర్పవలసిందే.

ఇబ్బంది అంశాల లోపలి ఊహల్లో ఉంది. తడిని బ్రేడన్ బద్ద దుప్పట్లు ఎన్నిసార్లు మార్చవలసి వచ్చిందన్న దానితో కొలుస్తుంది. షిఫ్టులు, దుప్పట్ల సరఫరా ఉన్న ఆసుపత్రి అక్కడ నేపథ్యం. పాత చీర మడతలు, రబ్బరు షీటు, ఖరీదని రోజుకు రెండే వాడే డైపర్లు ఉన్న ఇంట్లో ఆ కొలత పనిచేయదు. పోషణను మాంసం, పాల పదార్థాల వడ్డనల లెక్కతో కొలుస్తుంది. జావ, మజ్జిగన్నం మీద ఉన్న ముసలమ్మకు ‘వడ్డన’ ఎంత? గిన్నెలో పెట్టినదానిలో ఎన్ని ముద్దలు తిన్నది, ఎంత మిగిల్చింది అని అడిగితే సంరక్షకురాలు కచ్చితంగా చెప్పగలదు. తడి గురించి కూడా ఆమె దగ్గర నిశితమైన మాటలున్నాయి. చర్మం ‘చెమర్చింది’ వేరు, ‘నానింది’ వేరు, ‘ఒరిసింది’ వేరు. మూత్రంలో నాని తెల్లగా ఉబ్బి పొర లేచిన చర్మానికీ, ఒత్తుకొని కమిలిన చర్మానికీ చికిత్స వేరు. నిపుణులే తరచు ఈ రెంటినీ తారుమారు చేస్తారు. ‘నానడం’, ‘కమలడం’ అన్న రెండు మాటలను ఎదురెదురుగా నిలిపి నేర్పితే ఆ తేడా చేతికి అందుతుంది.

7. రెండు గంటల నియమం, ఒకే మనిషి

రెండు గంటలకోసారి పక్క మార్చాలన్న నియమం ఈ పాఠానికి మంత్రం వంటిది. వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ ప్రారంభించిన కేంద్రంలో ఇది కఠినంగా అమలై ప్రసిద్ధి పొందింది. పగలూ రాత్రీ రోగులను తిప్పడానికి అక్కడ మనుషుల జట్లు ఉండేవి. నియమం మనదాకా వచ్చింది, జట్టు రాలేదు. 2013లో బెర్గ్‌స్ట్రామ్ బృందం అమెరికా, కెనడా నర్సింగ్ హోమ్‌లలో చేసిన పరిశోధనలో, సాంద్రత ఎక్కువగా ఉన్న ఫోమ్ పరుపులపై పడుకున్న వృద్ధుల విషయంలో 2, 3, 4 గంటల వ్యవధుల మధ్య పుండ్ల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. దీనిని చూపి నాలుగు గంటలు చాలని తెలుగు పాఠంలో రాసేయడం పొరపాటు. ఉండలు కట్టిన దూది పరుపుకూ, కుంగిన నులకమంచానికీ ఆ ఫలితం వర్తించదు. పరుపును బట్టి, మనిషి కదలికను బట్టి, నిన్నటి చర్మాన్ని బట్టి వ్యవధి మారాలన్నది అందులోని అసలు సారం. నియమాన్ని వల్లెవేయించడం కంటే ఆ తర్కాన్ని నేర్పడం కష్టం. అయినా నేర్పదగినది అదే.

ఇక రాత్రి. ఇంట్లో ఉండి పనిచేసే సంరక్షకురాలు ఉదయం ఐదింటికి లేచి, ఒళ్లు తుడిచి, జావ తాగించి, బట్టలుతికి, మందులిచ్చి, రాత్రి పదింటికి రోగి మంచం పక్కనే చాప వేసుకుంటుంది. రాత్రి పది నుంచి ఐదు వరకు మూడుసార్లు లేచి, తనకంటే బరువైన మనిషిని ఒంటరిగా తిప్పాలని పాఠం ఆమెను ఆదేశిస్తోంది. ఆమెకు నిద్ర ఎప్పుడో పాఠంలో లేదు. శిక్షణ గ్రంథాల మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే. చేయవలసినదంతా రాసి, చేయడానికి కావలసినదేదీ రాయకపోవడం వల్ల ఆ గ్రంథం సహాయపత్రంగా కాక అభియోగపత్రంగా తయారవుతుంది. పుండు పడిన రోజున దానిని తెరిచి ‘నీకు నేర్పాం కదా’ అనవచ్చు. ఇంటివారితో మాట్లాడవలసిన మాటలను కూడా పాఠంలో చేర్చడం సాధ్యమే: “అమ్మగారిని రాత్రి ఒంటిగంటకు తిప్పడానికి మీలో ఒకరు చేయివేయాలండీ”, “ఎయిర్ బెడ్ ఉన్నా పక్క మార్చక తప్పదండీ”. ఇంటి పెద్దతో ఈ వాక్యాలు అనగల ధైర్యం గొంతుకు అలవాటు కావాలంటే తరగతి గదిలోనే పైకి పలికించాలి.

8. వృత్తి పదకోశానికి ఒక విన్నపం

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం రైతుల మాటలను వారి నోటి నుంచే సేకరించింది. 1971 నాటి సంపుటం చేనేతవారి మాటలను అలాగే సేకరించింది. నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు పండితులు పేర్లు పెట్టలేదు. పని చేసేవారి దగ్గర ఉన్న పేర్లను వినయంగా రాసుకున్నారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ మార్గం దీనికి భిన్నం. అది ఉన్నతవిద్య పాఠ్యపుస్తకాలకు కావలసిన పరిభాషను కల్పించింది. చర్మరక్షణ పాఠం ఇంతవరకు రెండో మార్గంలోనే నడుస్తోంది. మొదటి మార్గం దీనికి సరిపోతుందని నా అభిప్రాయం. ఇళ్లలో ఒళ్లు తుడిచే పని నాగలి దున్నడంలాగే చేతిపని, తరతరాల పరిశీలన ఉన్న పని. దానికి మాటలు లేకుండా ఉండవు.

సేకరణకు వెళ్లే పరిశోధకులు అడగవలసిన ప్రశ్నలు సాదావే. మడమ మీద చర్మం గట్టిపడితే శ్రీకాకుళంలో ఏమంటారు, పాలమూరులో ఏమంటారు? పుండు మానేటప్పుడు వచ్చే ఎర్రటి మెత్తని కండకు పేరుందా? నీరు పట్టిన కాలిని నొక్కితే పడే గుంటకు? చెడు వాసన మొదలైన రోజుకు? దూడకు కాడి ఒరుసుకొని మెడ పుండైతే రైతులు వాడే మాటలు మనిషికీ వాడతారా, వాడటానికి జంకుతారా? కువైట్‌లో ముసలివారికి సేవచేసి వచ్చిన కడప, గోదావరి జిల్లాల స్త్రీలు అక్కడ నేర్చుకున్న మాటలేవి, వెంట తీసుకెళ్లిన మాటలేవి? ఈ ప్రశ్నలకు సమాధానాలను ఆసుపత్రి తరగతి గదిలో కూర్చొని సేకరించలేం. సేవచేసే మనిషి ఖాళీగా దొరికేది మధ్యాహ్నం రోగి నిద్రపోయిన ఆ గంటసేపే. అదీ బట్టలు ఆరేస్తూ, సగం చెవి గదివైపు పెట్టి ఉన్నప్పుడు. పరిశోధకులు తమ ప్రశ్నావళిని ఆ గంటకు సరిపడేలా తయారుచేసుకోవలసి ఉంటుంది.